ఏడో ఊరు అడిగిన లెక్క

పూర్వం ఒక రాజ్యంలో కాలువ నీళ్లను ఆరు ఊళ్లే వంతులవారీగా వాడుకునేవి. ఏడో ఊరి పొలాలు ఎండిపోతుంటే, కొమ్మసాని అనే గొర్రెలకాపరి రాజు దగ్గరకొచ్చి తమకూ వంతు ఇమ్మని వేడుకుంది.

ఆస్థాన పండితుడు అడ్డుపడ్డాడు.

"ప్రభూ! 142857ను రెండుతో హెచ్చవేస్తే 285714. ఆరు దాకా దేనితో హెచ్చవేసినా ఈ ఆరంకెలే చోటు మారి తిరుగుతాయి. కాలువా అంతే. ఏడో ఊరికి చోటు లేదు."

కొమ్మసాని పండితుడి వైపు తిరిగింది.

"ఆరు దగ్గరే ఆగారేం అయ్యా? ఏడుతో కూడా హెచ్చవేయండి."

పండితుడు వేశాడు. 999999 వచ్చింది.

"ఇంతదాకా ఒకరికి ఎనిమిది, ఒకరికి ఒకటి. ఏడు చేరాకే అందరికీ తొమ్మిది," అందామె.

రాజు ఆ తొమ్మిదులను చూశాడు.

"నీళ్లకు లెక్కలు తెలియవు. కానీ లెక్క చూపి కాదన్నాం కనుక, లెక్క చూసే ఇవ్వాలి," అని ఏడో ఊరికి కాలువ తవ్వించాడు.