ఎలుగు దొర నిద్ర లేచేదాకా

ఆఫ్రికాలో ఒక గడ్డిమైదానం. ఐరోపాలో ఒక మంచు అడవి. మధ్యలో సముద్రం. ఈ రెండు చోట్ల జంతువులకూ స్నేహం కుదిరింది కాబట్టి ఇంత కథ వచ్చింది. కుదరకపోయుంటే అందరూ సుఖంగా ఉండేవాళ్ళు.

మంచు అడవికి రాజు ఎలుగుబంటి. ఆయన తరఫున రాయబారిగా ఒక నక్క మైదానంలో దిగింది. మైదానానికి పెద్ద దిక్కు ముసలి ఏనుగు, అందరూ ఏనుగమ్మ అంటారు. ఏటి ఒడ్డున ఒక ఉప్పునేల ఉంది. పాలిచ్చే తల్లులూ పసిదూడలూ ఆ మట్టి నాకకపోతే వాటి ఒంట్లో సత్తువ ఉండదు. నక్క వచ్చీ రాగానే, "అందరూ తొక్కి పాడుచేస్తున్నారు. మీ మేలు కోరి కంచె వేయిస్తాను. మా దుప్పులకు కాస్త ఉప్పు కొంగలతో పంపిస్తే చాలు, మిగతాదంతా మీదే," అంది. ఏనుగమ్మ మొహమాటానికి సరేనంది. ఉప్పునేల చుట్టూ ముళ్ళకంప లేచింది. లోపలికి దారి మాత్రం ఎవరికీ దొరకలేదు.

అడవిగేదె దూడ నిలబడలేక కూలబడుతోంది. తల్లి పరుగున వచ్చింది.

"రాయబారిగారూ, కాస్త కంప జరపండి. దూడ ఒక్కసారి నాకి వస్తుంది."

"అయ్యో, ఎంత బాధగా ఉందో! మన స్నేహం ఎంతో గొప్పది. కానీ కంప జరపాలంటే ఎలుగు దొరవారి సెలవు కావాలి."

"అయితే అడగండి."

"నిద్రలో ఉన్నారు. చలికాలమంతా లేవరు."

వానలు పడ్డాక గేదె మళ్ళీ వెళ్ళింది. "లేచారు గానీ ఆకలి మీద ఉన్నారు. ఆకలి మీదున్న ఎలుగుని ఎవరు కదిలిస్తారు చెప్పు?" అంది నక్క. ఇంకొన్నాళ్ళకు వెళితే, "నిద్రకు ముందు ఒళ్ళు పెంచుకుంటున్నారు, తీరిక లేదు," అంది. ఆ తర్వాత మళ్ళీ నిద్ర. తింటే తిండి, లేకపోతే నిద్ర! ఇది రాజ్యమా, అత్తారింట్లో కొత్తల్లుడి కాపరమా? చెబుతున్న నాకే ఒళ్ళు మండుతోంది. ఆ తల్లి కడుపు ఎంత మండిందో మీరే అనుకోండి.

"ఒక్క కుమ్ము కుమ్మితే కంచె ఎగిరిపోతుంది, ఏనుగమ్మా," అంది గేదె.

"ఎగిరిపోతుంది. కానీ స్నేహం చెడగొట్టింది మనమేనని కొంగలు సముద్రం అవతలదాకా చాటుతాయి. వేసినవాడి చేతే తీయించాలి. కొంచెం ఓపిక పట్టు తల్లీ."

"ఓపికా? నా దూడకు లేనిదే అది!"

ఆ ఏడు ఎండలు ముదిరి ఏరు పూర్తిగా ఎండిపోయింది. ఏనుగులు ఇసుకలో చెలమ తవ్వాయి. అడుగున కాసిని నీళ్ళు ఊరాయి. నక్క నాలుక వేలాడేసుకుని వచ్చింది.

"అతిథికి మొదటి గుక్క ఇవ్వడం మీ ఆచారం కదా, ఏనుగమ్మా!"

"ఆచారమే నాయనా. కానీ ఈ ఏడు నీళ్ళు తక్కువ. పరదేశం వాళ్ళకు పోయాలంటే ఏటి పెద్ద సెలవు కావాలని అనుకున్నాం."

"ఎవరాయన? ఇప్పుడే వెళ్ళి అడుగుతాను."

"చేప తాత. నీ కాళ్ళ కిందే ఉన్నాడు. ఏరు ఎండితే బురదలో గూడు కట్టుకుని పడుకుంటాడు. మళ్ళీ వానలకే లేవడం."

నక్క ఎండి బీటలు వారిన బురద వంక చూసింది. "వానలదాకా నేను బతుకుతానా?"

"అయ్యో, ఎంత బాధగా ఉందో! మన స్నేహం ఎంతో గొప్పది," అంది పక్కనే ఉన్న గేదె.

"కాస్త తట్టి లేపండమ్మా!"

"మీ దొరవారిని లేపండి. మేమూ మా తాతను లేపుతాం," అంది ఏనుగమ్మ.

నక్క చెలమ వంక చూసింది. గొంతు పిడచకట్టుకుపోయింది. ఇక ఆగలేకపోయింది.

"కంప తీసేస్తాను! ఇప్పుడే తీసేస్తాను! దూడలన్నిటినీ నాకనివ్వండి!"

"మరి ఎలుగు దొరవారి సెలవు?"

"ఇంత చిన్న విషయానికి ఆయన్ని లేపడం ఎందుకు? ఇక్కడ కంచె ఉన్న సంగతే ఆయనకు తెలియదు!"

ఆ మాట నోరు జారాక నక్క నాలుక కరుచుకుంది. గేదె నక్క వంక చూసింది. చలికాలం, వానకాలం, మళ్ళీ చలికాలం, తన దూడ నేలమీద పడి ఉన్నది ఇందుకా అని దానికి ఏడుపు వచ్చింది.

నక్క ముళ్ళు గుచ్చుకుని మూతినుంచి రక్తం కారుతున్నా కంపంతా నోటితోనే లాగి పారేసింది. దూడ తల్లి ఆసరాతో తడబడుతూ లోపలికి వెళ్ళి మట్టి నాకడం మొదలుపెట్టింది. అది కడుపారా నాకాక ఏనుగమ్మ తొండంతో నీళ్ళు తోడి నక్క ముందు పోసింది.

నక్క తాగబోతూ అనుమానంగా తలెత్తింది. "మరి చేప తాత సెలవు?"

"ఇంత చిన్న విషయానికి ఆయన్ని లేపడం ఎందుకు నాయనా, తాగు," అంది ఏనుగమ్మ.

నీతి: పైవాళ్ళు నిద్రలో ఉన్నారని చెప్పేవాడికి ముందు దాహం వేయాలి.