రాణిగారి మడమలో చుక్క

అనగనగా కుందవరం అనే రాజ్యం. దానికో రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి తిప్పుతాడు, నడిపివాడు గుర్రమెక్కి తిరుగుతాడు, చిన్నవాడు చారుకేతు ముగ్గులేస్తాడు. నవ్వకండర్రా! వాళ్ళమ్మ రాణి హేలావతి ముగ్గేస్తుంటే పక్కన చేరి నేర్చుకున్నాడు. అన్నలు ఎంత వెక్కిరించినా మానలేదు.

ఒకరోజు కంకాళుడనే మాంత్రికుడు సభకొచ్చి రాజ్యం తనకిచ్చెయ్యమన్నాడు. రాజు పొమ్మన్నాడు. మర్నాడు పొద్దున్నే రాణి ఎడమ మడమ కొయ్యబారింది. మూడు రోజుల్లో మోకాలిదాకా కొయ్యయింది. "పున్నమికి గుండెదాకా ఎక్కుతుంది. ఈలోగా ఆలోచించుకో" అని కంకాళుడు కబురు పంపాడు.

రాజవైద్యులు వచ్చారు. రాణిని ముట్టుకోవడం మర్యాద కాదు కదా! తెర ఇవతల కూర్చుని, ఆవిడ మణికట్టుకు కట్టిన పట్టుదారం కొస పట్టుకుని నాడి చూశారు. మనిషి ఒళ్ళు గీసిన పెద్ద పటం గోడకు తగిలించి, దాన్ని చూస్తూ మందులు చెప్పారు. ఆ పటం గీసినవాడు కూడా ఎవరినీ ముట్టుకుని చూసిన పాపాన పోలేదు. రాణికి నడుందాకా కొయ్యయింది.

పెద్దవాడు కత్తి పట్టుకుని కంకాళుడి మీదికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. నడిపివాడు వెళ్ళాడు. వాడూ రాలేదు. చారుకేతుకు ఏడుపొచ్చింది. తల్లి మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు కూడా.

అప్పుడు వచ్చింది సింగారమ్మ. అన్నదమ్ములు ముగ్గురికీ నూనె రాసి, లాల పోసి పెంచిన ముసలమ్మ.

"ఆ దారం అవతల పారెయ్యి, చినబాబూ. దారానికేం తెలుసు ఒళ్ళు సంగతి? అమ్మగారి కాళ్ళు నా చేతికివ్వు."

"మర్యాద పోతుంది" అన్నాడు రాజు.

"అమ్మే పోతే మర్యాద ఏం చేసుకుంటాం, నాన్నగారూ?" అని చారుకేతు తెర లాగేశాడు.

సింగారమ్మ నూనె వెచ్చచేసి రాణి ఒళ్ళంతా తడిమింది. వేలికింద జీవం కొట్టుకున్న చోటల్లా "ఇక్కడ" అంది. చారుకేతు నేల మీద చుక్క పెట్టాడు. నుదుటికొకటి, మెడవెనక ఒకటి, అరిచేతులకు రెండు. కొయ్యబారిన కాలిలో కూడా సన్నగా కొట్టుకుంటూనే ఉంది. కానీ ఏ చుక్కను ఏ చుక్కతో కలపాలి?

సింగారమ్మ మనవరాలు మంజీర ఆటకత్తె. అవ్వ ఆడమంటే మెల్లగా ఆడింది. మంజీర కుడి మడమ ఎత్తినప్పుడు అవ్వ ఆ పిల్ల మెడవెనక చెయ్యేసి "ఇదిగో, ఇక్కడ లాగింది" అంది. చారుకేతు కుడి మడమనుంచి మెడకు గీత గీశాడు. అరచెయ్యి విప్పితే బొడ్డు దగ్గర కదిలింది. అక్కడికో గీత. సాయంత్రానికి నేలమీద ఎవరూ ఎరగని మనిషి తయారయ్యాడు. ఎముకల్లేవు, కండల్లేవు, ఎక్కడా తెగకుండా మెలికలు తిరిగిన ఒకే గీత. ఎడమ మడమ దగ్గర మాత్రం చుక్క లేక గీత ఆగిపోయింది.

ముగ్గుపిండి తింటున్న చీమ తలెత్తింది. "రోజూ మీ అమ్మ పిండి తిని బతికేవాళ్ళం, నిజం చెబుతాం. ఆ చుక్కను కంకాళుడు ఎత్తుకుపోయి చిలకలో దాచుకున్నాడు. వాడికి సొంత ప్రాణం లేదు, దాంతోనే బతుకుతున్నాడు."

చీమలు వాటి నేస్తం తాబేలును పిలిచాయి. చారుకేతు, మంజీర దాని వీపెక్కారు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

కంకాళుడి వాకిట్లో అన్నలిద్దరూ కొయ్యబొమ్మలై నిలబడి ఉన్నారు. చూరుకు మూడు చిలకలు, మూడూ ఒక్కలాగే ఉన్నాయి.

"నా ప్రాణం దేన్లో ఉందో చెప్పి తీసుకుపో. తప్పావా, మీ అన్నల పక్కన చోటుంది" అన్నాడు కంకాళుడు.

"వాకిట్లో ముగ్గేసుకుంటాను, మావా!"

"వేసుకో, వేసుకో. ఆడంగి వెధవా!" అని వాడు పకపకా నవ్వాడు.

చారుకేతు తల్లి ఒంటి ముగ్గు వేశాడు. మంజీర దాని చుట్టూ ఆడింది. మొదటి చిలక జామకాయ కొరుక్కుంటోంది. రెండోది కునుకు తీస్తోంది. మూడోది తాళానికి తగ్గట్టు తల ఊపుతోంది. ఇదే అనబోయి చారుకేతు నాలిక కరుచుకున్నాడు. చూసి చెప్పడం రాజవైద్యుల పని. అతను కళ్ళు మూసుకుని మూడింటినీ తడిమాడు. తల ఊపే చిలక కాళ్ళు చల్లగా ఉన్నాయి. జామకాయ చిలకవీ అంతే. కునికే చిలక ఎడమ కాలు మాత్రం వెచ్చగా కొట్టుకుంటోంది, టక్ టక టక్ అని.

ఆ దెబ్బ అతనికి మాటలు రాకముందునుంచీ తెలుసు. చాపిన కాళ్ళమీద పడుకోబెట్టుకుని అమ్మ జోకొట్టేటప్పుడు, ఆవిడ మడమ నేలమీద వేసే తాళం అది.

"అమ్మా" అన్నాడు.

కంకాళుడు మీదికి దూకాడు. అప్పటికే చారుకేతు చిలక కాలును ముగ్గులో మడమ దగ్గరి ఖాళీ చోట ఆనించాడు. గీత కలిసింది. కంకాళుడు దూకినవాడు దూకినట్టే కొయ్యయి బోర్లా పడ్డాడు. అన్నలు కదిలారు. "నా కత్తేదిరా?" అన్నాడు పెద్దవాడు. చిలకలు మూడూ ఎగిరిపోయాయి.

తిరిగొచ్చేసరికి కోట వాకిట్లో రాణి వంగి ముగ్గేస్తోంది. చారుకేతు పరుగెత్తుకెళ్ళి ఆవిడ పాదాలు రెండూ పట్టుకుని వదల్లేదు.

రాజు పాత పటం దింపించి కొత్త ముగ్గు గీయించాడు. ముట్టుకోకుండా మందిచ్చే వైద్యుడికి కుందవరంలో కొలువు లేదన్నాడు. చారుకేతుకు మంజీరనిచ్చి పెళ్ళి చేసి, రాజ్యం అప్పగించాడు. వాళ్ళు నూరేళ్ళు ఏలారు.

ఏడాది తిరిగేసరికి రాణి హేలావతి మనవణ్ణి చాపిన కాళ్ళమీద వేసుకుని జోకొట్టింది. ఎడమ మడమ తాళం వేసింది, టక్ టక టక్.

కథ అయింది. ఇక ఎవరి మడమ వాళ్ళు తడుముకుని చూసుకోండి, చుక్క ఉందో లేదో.