ఓబులేసు నాలుగో అధ్యాయం

ఓబులేసు నవలను అప్పటికే రెండు ప్రచురణ సంస్థలు వెనక్కి పంపేశాయి. మూడో సంస్థ వాళ్ళు, "మొదటి మూడు అధ్యాయాలు పంపండి. అవి నచ్చితేనే తక్కినవి అడుగుతాం" అని కబురు పెట్టారు. ఇదీ తిరిగొస్తే ఇక కలం ముట్టనని ఇంట్లో ఒట్టేశాడు కూడా. అమ్మ కథ మరి అది! ఎన్నేళ్ళుగా రాసుకున్నాడో పాపం.

పంపేముందు, ఈసారైనా గట్టెక్కేలా దేవుణ్ణి వేడుకోమని గురువుగారి చేత దువా చేయించుకుందామని, కాగితాల కట్ట చంకన పెట్టుకుని కరీముల్లా తాత దగ్గరికి పోయాడు. తాత దర్గా పక్కనే ఉండే సూఫీ పెద్ద. ఆ పూట చేట ముందేసుకుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. విత్తనానికైతే చేత్తోనే ఒలవాలి, మిషన్లో వేస్తే గింజ పగిలిపోదూ!

"దువాకేముందప్పా, చేస్తాలే. ముందు చదువు, విందాం" అన్నాడు తాత.

ఓబులేసు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఊరు ఎట్లా వెలిసింది, ముత్తాత ఎక్కణ్ణుంచి వచ్చాడు, పొలాలు ఎట్లా పంచుకున్నారు... తాత చేతులు మాత్రం టక్కు టక్కుమని ఒలుస్తూనే ఉన్నాయి.

"తాతా, వింటాండావా?"

"వింటాండాలే. మీ ముత్తాతకి ఇంకా పెళ్ళి కాలేదు. చదువు."

ఓబులేసు మనసు చివుక్కుమంది. అయినా గురువు మాట కదా, చదివాడు. మూడు అధ్యాయాలూ అయిపోయి, ఆ ఊపులో నాలుగోది కూడా ఎత్తుకున్నాడు. కరువు ఏడాది. బోరు ఎండిపోతే నాయన మోటారు అమ్మేస్తాడు. మర్నాడు తెల్లారుజామున, కరెంటు వచ్చే వేళకి, అమ్మ అలవాటుగా లేచి చేనికి పోతుంది. మోటారు లేని బోరు దగ్గర అట్లాగే నిలబడిపోతుంది.

టక్కు టక్కు ఆగింది.

ఓబులేసు తలెత్తి చూశాడు. తాత వేళ్ళ మధ్య కాయ ఒలవకుండా అట్లే ఉంది.

"ఇంటికొచ్చిందా ఆయమ్మ?" అన్నాడు తాత.

"అది నాలుగో అధ్యాయం తాతా. వాళ్ళు అడిగింది మొదటి మూడే..." అంటూ అంటూ ఓబులేసు ఆగిపోయాడు. చేతిలోని కాగితాల వంక చూసుకున్నాడు. మెల్లగా, "అయితే ఆ మూడూ దండగేనా? ఏడాది పట్టింది తాతా" అన్నాడు.

తాత ఒలిచిన కాయల పొట్టు గంపను అతని ముందుకు జరిపాడు.

"పోయి దానిమ్మ చెట్టు మొదట్లో పోసి రా. కాళ్ళతో తొక్కేవు, జాగ్రత్త. మట్టిలో ఉన్నన్నాళ్ళూ గింజను కాచింది ఇదే."

ఓబులేసు పొట్టు పోశాడు. ఎందుకో చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. తిరిగొచ్చి, మొదటి మూడు అధ్యాయాలనూ తన తువ్వాల్లో పదిలంగా చుట్టి పక్కన పెట్టుకున్నాడు. మిగిలిన కట్ట మీద నాలుగు అంకె కొట్టేసి, ఒకటి వేశాడు.

తాత చేట పక్కకి నెట్టేశాడు.

"ఊఁ. ఇప్పుడు మొదట్నించీ చదువు."