ఉర్సులవ్వ గరిటె

"ఉర్సులా! ఓ ఉర్సులా! చెవుల్లో గుడ్డలు కుక్కుకున్నావా ఏం? నీ గుమ్మం ముందు పిల్లలు నిలబడి పాడుతున్నారే!"

ఏటి అవతలి ఒడ్డున బట్టలు ఉతుకుతున్న గెర్డా కేకేసింది. ఇవతల రేవులో నడుము వంచి దుప్పటి జాడిస్తున్న ఉర్సుల తల ఎత్తింది.

"నా గుమ్మం ముందా? ఎందుకు?"

అడిగిందే గాని, జవాబు వినే ఓపిక కూడా లేదు ఆమెకి.

ఇది ఎప్పటి మాటో చెప్పలేం. మన తాతల తాతలకి కూడా తాతలున్న కాలం అనుకోండి. జర్మనీ దేశంలో, మంచు కొండల కింద, వైడెన్‌బ్రూక్ అని ఒక ఊరు. ఊరికి ఒక ఏరు. ఏటికి ఒక వంతెన. వంతెన దాటితే ఒక కోట గుమ్మం. ఆ గుమ్మం మీది గదిలో ఒక పెద్దబడి. చిన్నబడి చదువు అయిపోయిన పిల్లలకి పైచదువు అక్కడే. కింద బళ్ళు పోతుంటే పైన గది ఊగేది. పిల్లలు ఆ ఊగుడులోనే లాటిన్ పద్యాలు వల్లె వేసేవారు.

మన వైపు పేదపిల్లలు వారాలు చేసుకుని చదువుకునేవారు కదా, సోమవారం ఒకరింట, మంగళవారం ఒకరింట. అచ్చం అలాగే అక్కడా. చుట్టుపక్కల కొండపల్లెల నుంచి వచ్చిన పిల్లలు నల్ల అంగీలు తొడుక్కుని, పాడుకుంటూ వీధి వెంట వచ్చేవారు. పూట పెట్టే ఇల్లు ఏదో ఎలా తెలుస్తుందీ అంటారా? ఆ ఇంటి గుమ్మానికి చెక్కగరిటె వేలాడేది. గరిటె ఉంటే నిలబడి పాడాలి. లేకపోతే తల వంచుకుని పోవాలి. ఊరి కట్టుబాటు ఇంకొకటుంది: గరిటె వేలాడినన్నాళ్ళే బడి. ఊళ్ళో ఒక్క గరిటె కూడా లేని నాడు బడికి తాళం.

ఉర్సుల బట్టలు ఉతికి బతికే మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. అవ్వ అనిపించుకునే ఈడు కాదు గాని, చాకిరీ ఆమెని ముందే అవ్వని చేసింది. గురువారం గురువారం ఊరి దుప్పట్లన్నీ బూడిదనీళ్ళలో ఉడకబెట్టేది. కొస చేటంత వెడల్పున్న పొడుగాటి కర్రతో వాటిని కలియబెట్టేది. పని కాగానే ఆ కర్రని ఆరడానికి గుమ్మం పక్క మేకుకి తగిలించి రేవుకి పోయేది.

ఆ గురువారం కూడా అంతే చేసింది. తడిబట్టల తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి, నల్ల అంగీల పిల్లలు మంచులో నిలబడి పాడుతున్నారు. పాట ఆపి అందరూ కర్ర వైపు చూశారు.

"ఇంత పెద్ద గరిటె ఎక్కడా చూడలేదవ్వా!" అన్నాడు ముందున్నవాడు. పేరు యోబ్‌స్ట్. చెవులు చలికి ఎర్రగా కమిలిపోయాయి గాని, నోరు మాత్రం కమల్లేదు. "ఈ ఇంట్లో ఎంత వండుతారో!"

"గురువారం మాకు ఎవరూ లేరవ్వా," అన్నాడు వెనకున్న చిన్నవాడు.

అది గరిటె కాదు నాయనా, బట్టల కర్ర. ఆ ఒక్క మాట చెబితే చాలు. చెప్పాలంటే తట్ట దించాలి, నోరు తెరవాలి, వాళ్ళ మొహాలు చూడాలి. అంత ఓపిక ఎక్కడిది? "రండి," అంది. ఉన్న బార్లీపిండి అంతా జావ కాచి పోసింది. వాళ్ళు తాగి, దండం పెట్టి పోయారు. ఆమె ఖాళీ కుండ కేసి చూసి, "ఈ ఒక్కసారికి కానీ. వచ్చేవారం చెప్పేస్తాను," అనుకుంది.

మరుసటి గురువారం కర్రని పెరట్లో తగిలించాలనుకుంది. పెరట్లోకి పోవాలంటే మోకాలి లోతు మంచు. కాళ్ళు మాట వినలేదు. కర్ర మళ్ళీ ఆ మేకుకే వేలాడింది. పిల్లలు మళ్ళీ వచ్చారు. "ఈ ఒక్కసారికి కానీ. వచ్చేవారం చెప్పేస్తాను."

ఆ మరుసటి ఏడు పంటలు కుళ్ళిపోయాయి. పిండి బంగారమైంది. ఒక గురువారం కర్ర తీసి లోపల పెడదామని చెయ్యి ఎత్తింది. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో పాట మొదలైంది. మంచులో వినిపించే పాట ఎలా ఉంటుందో తెలుసా? దూరంగా ఎవరో దీపం పట్టుకుని మన కోసమే వస్తున్నట్టు ఉంటుంది. ఎత్తిన చెయ్యి దిగిపోయింది. జావలో పిండి కంటే నీళ్ళే ఎక్కువ ఆ రోజు.

"అవ్వా, జావలో నా మొహం కనిపిస్తోంది," అన్నాడు యోబ్‌స్ట్.

"కనిపిస్తే కడుక్కో. కడిగి ఎన్నాళ్ళయిందో," అంది ఉర్సుల. పిల్లలంతా గొల్లుమన్నారు. ఆమెకీ నవ్వొచ్చింది. నవ్వితే నడుం నొప్పెట్టింది. "ఈ ఒక్కసారికి కానీ. వచ్చేవారం చెప్పేస్తాను."

ఆ తరవాత యుద్ధం వచ్చింది. సిపాయిలు వచ్చి కొట్లు ఊడ్చుకుపోయారు. వాళ్ళ వెనకాలే జ్వరాలు వచ్చాయి. ఊళ్ళో గరిటెలు ఒకటొకటే దిగిపోయాయి. రొట్టెలవాళ్ళింట దిగింది. మిల్లువాళ్ళింట దిగింది. ఆఖరికి పాస్టరుగారింట కూడా దిగింది. ఎవర్ని అంటాం? ఎవరి ఆకలి వాళ్ళది.

ఊరిపెద్ద రుప్రెక్ట్ బడి తాళంచెవి చేత పట్టుకుని బయల్దేరాడు. గరిటె ఎక్కడైనా ఉందా అని వీధి వీధీ చూసుకుంటూ వచ్చాడు. వెనకాల పంతులుగారు, ఆయన వెనకాల పిల్లలు. పాట లేదు. పై వీధిలో గరిటె లేదు. నడి వీధిలో గరిటె లేదు. ఏటి వీధి చివర, ఆఖరి ఇంటి గుమ్మానికి, పొడుగాటి కర్ర ఒకటి వేలాడుతోంది.

అది గురువారం మరి.

రుప్రెక్ట్ ఆగాడు. కర్రని కిందకీ పైకీ చూశాడు. "ఉర్సులా, ఇలా రా. ఇదేమిటి? గరిటేనా?"

ఉర్సుల గుమ్మంలోకి వచ్చింది. పదును పెట్టిన కత్తిలాంటి ప్రశ్న అది. కాదు అంటే చాలు. అది నిజం కూడాను. అబద్ధం ఆడక్కర్లేదు, జావ కాయక్కర్లేదు, గురువారం సాయంత్రం కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. ఎన్నేళ్ళుగానో చెబుదామనుకున్న మాట, ఊరిపెద్దే వచ్చి నోట్లో పెడుతున్నాడు.

ఆమె నోరు తెరిచింది. యోబ్‌స్ట్ నేల చూపులు చూస్తున్నాడు.

"గరిటె కాకపోతే ఏమిటయ్యా?" అంది ఉర్సుల. "ఇంతమందికి జావ కలపాలంటే నీ ఇంట్లో పిల్ల గరిటె సరిపోతుందా? నువ్వు అదీ తీసేశావటగా!"

కిటికీల్లోంచి ఆడవాళ్ళు వింటున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. రుప్రెక్ట్ మొహం కందగడ్డ అయింది. తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారం తిరక్కుండా మిల్లువాళ్ళింట గరిటె మళ్ళీ ఎక్కింది. తరవాత రొట్టెలవాళ్ళింట. తరవాత, సిగ్గుపడుతూ, రుప్రెక్ట్ ఇంట.

బడి నిలిచింది. నిలిచి పెరిగింది. కోట గుమ్మం మీద చాలక పాత ఉప్పుకొట్టులోకి మారింది. ఉప్పుకొట్టూ చాలక, గుట్ట మీద రాతి మేడ కట్టారు. లాటిన్‌కి తోడు లెక్కలు వచ్చాయి, భూగోళం వచ్చింది. ఎన్ని తరాలకో ఆడపిల్లలూ వచ్చారు. అది తరవాతి కథ లెండి.

రాతి మేడ తలుపు తెరిచిన రోజు ఊరంతా గుట్ట ఎక్కింది. ఉర్సుల ఎక్కలేదు. "ఆ మెట్లన్నీ ఎవడెక్కుతాడు," అని పడుకుంది. పైన బాజాలు మోగుతుంటే, కింద చీకటి గదిలో ఒక్కతే వింటూ ఉంది. నిజంగా ముసలిదైపోయింది ఇప్పుడు.

సాయంత్రం గుమ్మం ముందు ఎవరో పాట అందుకున్నారు. గొంతు బొంగురు. శ్రుతి లేదు. తలుపు తీస్తే, ఆ కొత్త బడికి పెద్దపంతులు యోబ్‌స్ట్. చేతిలో జావగిన్నె. విందులో మాంసం ఉన్నా, ఆమెకి పళ్ళు లేవని జావ కాయించి తెచ్చాడు.

"ఈవేళ గురువారం అవ్వా," అన్నాడు. పక్కన కూచుని చెంచాతో పట్టాడు. "పైన అందరూ నీ మాటే. పిల్లల మీద ప్రేమతో గరిటె తగిలించిన తల్లి అని రుప్రెక్ట్ కొడుకు ఉపన్యాసం చెప్పాడు."

ఉర్సుల చెంచా పక్కకి నెట్టింది.

"అది గరిటె కాదురా," అంది. "బట్టల కర్ర. ఆరేసుకున్నాను, అంతే. మీరు పొరబడ్డారు. చెబుదామనుకున్నాను. ప్రతి గురువారం అనుకున్నాను. మీ పాట వినిపిస్తే, అయ్యో మళ్ళీ వస్తున్నారే అనుకునేదాన్ని. తల్లీ లేదు, ప్రేమా లేదు. అలసిపోయి ఊరుకున్నానంతే."

యోబ్‌స్ట్ గిన్నె కింద పెట్టాడు. ఆయన చెవులు చిన్నప్పటిలాగే ఎర్రబడ్డాయి. ఆమె చెయ్యి పట్టుకుని నేల చూపులు చూశాడు.

"ఏమిట్రా?"

అప్పుడు చెప్పాడు. ఆ మాట విని ముసలామె కళ్ళు పెద్దవి చేసింది. "దొంగ వెధవల్లారా!" అంది. ఆ పైన నవ్వింది. నడుం నొప్పెట్టేలా నవ్వింది. మంచు కరక్కముందే ఆమె పోయింది.

ఏమిటా మాట అంటారా? ఆ బడి గుమ్మానికి ఇప్పటికీ బట్టల కర్ర ఒకటి వేలాడుతుందట. ఏటా మంచు పడ్డాక వచ్చే మొదటి గురువారం, దాన్ని బూడిదనీళ్ళలో ముంచి, కారుతుండగా తగిలిస్తారట. బళ్ళో అందరికీ జావ. తాగే ముందు పంతుళ్ళతో సహా అందరూ గుమ్మం ముందు నిలబడతారు. అందరిలోకీ చిన్నపిల్ల కర్ర చూపించి అడుగుతుంది: "ఇది గరిటేనా?"

అందరిలోకీ పెద్దాయన టోపీ తీసి చెబుతాడు, ఆ రోజు యోబ్‌స్ట్ చెప్పిన మాటే:

"కాదు. బూడిదనీళ్ళు కారుతూనే ఉన్నాయవ్వా. మొదటి రోజే మాకు తెలుసు. ఆకలేసింది."