తొంభై తొమ్మిదో కర్ర

అనగనగనగా, మన తాతల తాతలకి ఇంకా మూతి మీద నూనూగు మీసాలైనా రాని రోజుల్లో, ఒక గెడ్డకి ఈ ఒడ్డున ఒక ఊరు, ఆ ఒడ్డున ఒక ఊరు ఉండేవి. ఈ ఒడ్డున ఈతమానుపేట. ఆ ఒడ్డున గెడ్డవలస. రెండూ పల్లె కంటే పెద్దవి, పట్నం కంటే బాగా చిన్నవి. పౌరుషం మాత్రం రెండు పట్నాలకి సరిపడా ఉండేది.

ఆ రోజుల్లో ఊరూరికీ ఒక కర్రాబిళ్ళ జట్టుండేది. పిల్లలాట కదా అని నవ్వకండి. మీసాలు మెలేసిన మగాళ్ళు ఆడేవారు. కోతలైపోగానే జట్లు బళ్ళు కట్టుకుని ఊరి మీద ఊరికి ఆటకి పోయేవి. బాగా కొట్టేవాడికి మంగలి ఊరికే గడ్డం గీసేవాడు. పిల్లనిస్తామంటూ వెతుక్కుంటూ వచ్చేవారు. ఓడి వచ్చినవాడికి సొంత పెళ్ళామే చద్దన్నం విసిరి పెట్టేది.

ఆట తెలియనివాళ్ళకి చెబుతాను, వినండి. నేలలో చిన్న గుంట తీస్తారు. దాని మీద రెండు మొనలు చెక్కిన బిళ్ళ పెడతారు. కర్రతో బిళ్ళని లేపి, గాల్లో ఉండగానే కొట్టాలి. అది పడ్డచోటికి గుంట నుంచి ఎన్ని కర్రల దూరముందో కొట్టినవాడే చూసి అడగాలి. "యాభై" అని అడిగాడనుకోండి, అవతలివాళ్ళు ఒప్పుకుంటే యాభై వాడివే. ఒప్పుకోకపోతే కొలుస్తారు. కొలతలో ఒక్క కర్ర తగ్గినా అడిగినదంతా పోతుంది, వాడి ఆటా పోతుంది. అందుకని తెలివైనవాడు కాస్త తగ్గించే అడుగుతాడు. తెలివైనవాళ్ళు ఎప్పుడూ తక్కువే అనుకోండి.

మరి బిళ్ళ తుప్పల్లో పడితే? అందుకు దాలమ్మ ఉండేది.

దాలమ్మది ఈతమానుపేట. మొగుడు పోయాడు. ఒక్కడే కొడుకు. రోజూ తుప్పల్లో కంపలేరి అమ్మేది, సంతనాడు బొరుగులమ్మేది. ముళ్ళల్లో నడిచి నడిచి ఆవిడ అరికాళ్ళు తోలు చెప్పుల్లా తయారయ్యాయి. ఆవిడ దూరని తుప్ప లేదు. అందుకే బిళ్ళ కనబడకుండా పోతే రెండు ఊళ్ళవాళ్ళూ ఆవిడనే పిలిచేవారు. ఆవిడ పని మూడు ముక్కలు. బిళ్ళ వెతకాలి. పక్కన కాలు పెట్టాలి. చెయ్యెత్తాలి. కొలత అయ్యేదాకా కదలకూడదు, నోరు మెదపకూడదు. నోరెందుకు మెదపకూడదంటే, పూర్వం ఇలా బిళ్ళ దగ్గర నిలబడ్డవాడెవడో పాపం నిజంగానే దగ్గాడు. సైగ చేశాడని అవతలివాళ్ళు కర్రలెత్తారు. తలలు పగిలాయి. ఆనాటి నుంచి బిళ్ళమనిషికి మాట లేదు.

"దాలమ్మ కాలెక్కడుంటే బిళ్ళక్కడ" అని ఈ ఒడ్డువాళ్ళూ అనేవారు, ఆ ఒడ్డువాళ్ళూ అనేవారు.

ఇలా ఉండగా సంత దగ్గర పేచీ వచ్చింది. సంత ఈతమానుపేటలో జరిగేది. గెడ్డవలసవాళ్ళు తమ ఒడ్డుకి రావాలన్నారు. మాటా మాటా పెరిగింది. చివరికి పెద్దలు కూర్చుని మూడాటలు పెట్టారు. ఎక్కువాటలు గెలిచిన ఊరికి సంత. మొదటి ఆట ఈతమానుపేటది. రెండో ఆట గెడ్డవలసది. ఇక మిగిలింది మూడోది.

సంత పోతే దాలమ్మ బొరుగులు ఎవరికమ్మాలి? కంపలు ఎవరు కొంటారు? కొడుకు సూరప్పడు ఊరొదిలి ఎక్కడికో కూలికి పోవాలి. మూడో ఆట ముందు రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు. ఒక్కగానొక్క కొడుకు లేని ఇంట్లో ఎలా ఉండటమా అని భయపడింది.

మరి ఆ సూరప్పడే ఈతమానుపేట జట్టులో ఆఖరి కొట్టుడుగాడు. బంగారంలాంటి చెయ్యి. నోరు మాత్రం వాడి వశంలో ఉండేది కాదు.

మూడో ఆట గెడ్డ పక్కన బీడులో పెట్టారు. రెండు ఊళ్ళూ ఖాళీ అయి అక్కడికే వచ్చాయి. పొద్దు వాలుతుండగా లెక్క తేలింది. సూరప్పడి చేతిలో ఒకే ఒక్క దెబ్బ మిగిలింది. ఎనభై కర్రలొస్తే సంత ఈతమానుపేటది.

ఊరి పెద్ద తవిటినాయుడు వాడి చెవిలో చెప్పాడు. "ఒరే, ఎనభై సాలు. ఎంత దూరమెల్లినా ఎనభయ్యే అడుగు."

సూరప్పడు బిళ్ళని లేపాడు. కొట్టాడు. బిళ్ళ గాల్లో ఝుమ్మని లేచి జనం తలల మీంచి పోయి దూరాన తుప్పల్లో పడింది. అంత దూరం కొట్టినవాణ్ణి ఎవరూ చూడలేదు. జనం కేక పెట్టారు. ఆ కేకకి వాడికి ఒళ్ళు తెలియలేదు.

"నూరు!" అని అరిచాడు.

తవిటినాయుడు నెత్తి కొట్టుకున్నాడు. గెడ్డవలస జట్టు పెద్ద సిమ్మన్న నవ్వాడు. "కొలవండి" అన్నాడు.

దాలమ్మ తుప్పల్లోకి దూరింది. వెతికింది. కాలు పెట్టింది. చెయ్యెత్తింది.

అప్పుడు చూసింది. కాలికి జానెడు దూరంలో, గుంట ఉన్న వైపు, ఎండుటాకుల్లో రక్తపింజరి చుట్ట చుట్టుకుని ఉంది.

తుప్పల్లో పుట్టి పెరిగిన మనిషి, పాముల సంగతి ఆవిడకి ఒకరు చెప్పాలా? కదలకుండా ఉంటే అది పోవచ్చు. లేదా ఒక్క అడుగు వెనక్కి వేసి తప్పుకోవచ్చు. కానీ ఆ అడుగు వేస్తే కొలత మారిపోతుంది. నోరు విప్పితే కర్రలు లేస్తాయి. ఆవిడ చెయ్యి దించలేదు.

మొదటిసారి ఈతమానుపేటవాళ్ళు కొలిచారు. కర్ర వెనక కర్ర వేసుకుంటూ సగం దూరం వచ్చారో లేదో, కర్ర వంకరగా పడిందని సిమ్మన్న కేక వేశాడు. అరుచుకున్నారు. మళ్ళీ మొదటికి వెళ్ళారు. పాము బుస్సుమంది. దాలమ్మ కదల్లేదు.

రెండోసారి గెడ్డవలసవాళ్ళు కొలిచారు. ఈసారి తుప్పల అంచుదాకా వచ్చారు. లెక్క తప్పిందని తవిటినాయుడు అడ్డం పడ్డాడు. మళ్ళీ అరుపులు. ఆ అరుపుల సందున ఆయన తుప్ప దగ్గరకొచ్చి, ఎవరికీ వినబడకుండా పళ్ళ సందునుంచి అన్నాడు.

"ఒలే దాలమ్మా, సూస్తే తక్కువయ్యీలాగుంది. ఓ అడుగు ఎనక్కెయ్యి. నీకు పుణ్యముంటాది. ఊరు బతుకుతాది."

ఒక్క అడుగు. కాలితో బిళ్ళని వెనక్కి ఒక్క తోపు. ఆకుల కింద ఎవరు చూడొచ్చారు? పాము తప్పుతుంది, సంత దక్కుతుంది, కొడుకు ఇంట్లోనే ఉంటాడు. అన్నీ ఆ అడుగులోనే ఉన్నాయి. ఏడుపొచ్చింది దాలమ్మకి. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి దించకూడదు. పాము మళ్ళీ బుస్సుమంది. దాలమ్మ కదల్లేదు.

మూడోసారి ఇద్దరూ కలిసి కొలవాలన్నారు. ఒకే కర్ర, ఒక కొస సూరప్పడి చేతిలో, ఒక కొస సిమ్మన్న చేతిలో. జనమంతా వెనకే లెక్క పెడుతున్నారు. తొంభై దాటింది. తుప్పలోకి వచ్చారు. తొంభై ఐదు. తొంభై ఆరు. సూరప్పడు తలెత్తి చూశాడు. తల్లి కాలు కనబడింది. అంత దూరం కొట్టినవాడికి, నూరుకి తగ్గుతుందని చూడగానే తెలియదా?

"అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఒక్క అడుగే. ఒకే ఒక్క అడుగే అమ్మా."

సిమ్మన్న విన్నాడు. ఆవిడ ఏం చేస్తుందో అని చూస్తున్నాడు.

దాలమ్మ కొడుకు ముఖం చూసింది. చెయ్యి ఇంకా పైకెత్తింది.

తొంభై ఏడు. తొంభై ఎనిమిది. ఆ కర్ర చప్పుడికి పాము లేచి దాలమ్మ చీలమండ మీద కాటేసి, ఆకుల్లోంచి పక్క తుప్పలోకి జారిపోయింది. ఆవిడ ఒళ్ళంతా ఒక్కసారి వణికింది. కాలు మాత్రం లేవలేదు. సూరప్పడు కళ్ళ నీళ్ళతో కర్ర కొసనే చూస్తున్నాడు, పాముని చూడలేదు. సిమ్మన్న చూశాడు. "అమ్మో, పాము!" అని కర్ర వదలబోయాడు.

దాలమ్మ రెండో చేత్తో ఆగమని సైగ చేసింది. ఏ సైగా చెయ్యకూడని మనిషి చేసిన ఒకే ఒక్క సైగ అది.

ఆఖరి కర్ర వేశారు. దాని కొస ఆవిడ కాలి వేళ్ళకి తగిలింది. బిళ్ళ అక్కడే ఉంది.

"తొంభై తొమ్మిది," అన్నాడు సూరప్పడు. అడిగినవాడే చెప్పుకున్నాడు.

అప్పుడు దాలమ్మ చెయ్యి దించింది. కొలత అయిపోయింది కదా, నోరు విప్పింది. "అది ఆ తుప్పలోకే ఎల్లింది. నువ్వటు ఎల్లకు నాయనా, ఇటు రా" అంది. అని కొడుకు చేతుల్లో కూలిపోయింది.

ఆకు పసరు పోశారు. మంత్రం వేశారు. మంచం మీద మోసుకుంటూ వైద్యుడి దగ్గరకి పరుగెత్తారు. మంచం ఒక కోడు ఈ ఒడ్డువాడు పట్టాడు, ఒక కోడు ఆ ఒడ్డువాడు పట్టాడు. దారిలోనే ప్రాణం పోయింది.

మూడో రోజున పెద్దలు మళ్ళీ కూర్చున్నారు. గెలిచింది గెడ్డవలస. ఎవరూ కాదనలేదు. తవిటినాయుడైతే తలెత్తలేదు. సిమ్మన్న లేచి నిలబడ్డాడు.

"గెలిసినాం. నిజమే. గానీ ఆయమ్మ ఒక్క అడుగేసుంటే ఓడిపోదుం. పాముని సూసి ఏసినా నానేటనకపోదును. ఆ కాలు కదల్నేదు. ఆ సంతని మా ఊరు తీసుకెల్లి ఏ ముకం పెట్టుకుని అమ్ముకుంటాం? మా ఊర్లో వొద్దు, మీ ఊర్లో వొద్దు. ఆయమ్మ నిలబడ్డకాడే పెడదాం."

సూరప్పడు భోరుమన్నాడు. ఇక తను ఊరొదలక్కర్లేదు, కానీ ఆ మాట చెప్పడానికి అమ్మ లేదు.

ఆ బీడులోనే సంత పెట్టారు. దాలమ్మ సంత అన్నారు. సూరప్పడు మళ్ళీ కర్ర పట్టలేదు. తల్లి పని తను తీసుకున్నాడు. జుట్టు నెరిసేదాకా తుప్పల్లో బిళ్ళలు వెతికాడు, కాలు పెట్టాడు, చెయ్యెత్తాడు. నోరు పారేసుకునే మనిషి మరి మాట్లాడలేదు.

ఇప్పుడా తుప్పలు లేవు. సంత మాత్రం జరుగుతూనే ఉంది. సంత నడిమధ్య ఒక మనిషి నిలబడేంత చోటు వదిలేస్తారు, అక్కడ ఎవరూ కొట్టు పెట్టరు. బొరుగులవాళ్ళు తొలి దోసెడు అక్కడే పోస్తారు, పిచ్చుకలు తింటాయి. ఆ చుట్టుపక్కల పిల్లలు కర్రాబిళ్ళ ఆడేటప్పుడు, బిళ్ళ దొరికినవాడు చెయ్యెత్తితే చాలు, ఎంత గోలలో ఉన్నా అందరూ నోరు మూసుకుంటారు.

ఇక బేరం దగ్గర ఎవడైనా మరీ ఎక్కువ చెప్పాడనుకోండి, కొనడానికొచ్చిన ఆడవాళ్ళు గొడవ పడరు. "ఎనభై సాలు బాబూ" అంటారు, అంతే. అమ్మేవాడు ఒక్కసారి వంగి తన కాలెక్కడుందో చూసుకుని, ధర తగ్గిస్తాడు.