నల్లబండ మేళానికి నాగుపాము తీర్పు

అనగనగా ఒక అడవి అనగానే మీరు సింహం ఏదని అడుగుతారు. ఉంది, ఈ అడవిలోనూ ఒక సింహం ఉంది. కానీ మన కథలో దానికి పని లేదు, గుహలో పడుకొని ఉంది. మన కథంతా వాగు పక్కన ఉన్న ఒక నల్లబండ దగ్గర జరుగుతుంది.

వానాకాలంలో ప్రతి సాయంత్రం ఆ బండ మీద ముగ్గురు కచేరీ చేసేవాళ్ళు. పాడేది బోదురుకప్ప గంగులు. పక్కనే ఉన్న ఎండిన మద్దిమాను మీద ముక్కుతో దరువు వేసేది వడ్రంగిపిట్ట కొండాలమ్మ. ఒళ్ళు విదిలించి ముళ్ళు గలగలలాడించేది ముళ్ళపంది ముత్యాలు. సింహం కొలువులో కోకిలల మేళం వేరే ఉంది. అక్కడ ఏ పాటైనా సింహాన్ని పొగుడుతూ మొదలుపెట్టాలి. సింహానికి నిద్ర పట్టగానే ఆపెయ్యాలి. మన ముగ్గురికీ అది నచ్చలేదు. "మనం ఎవరి కొలువులోనూ చేరొద్దు. మన పాట మనమే కట్టుకుందాం, మన బండ మీద మనమే పాడుకుందాం" అనుకున్నారు.

వాళ్ళ పాట ఎలా ఉండేదంటారా? నున్నగా మాత్రం ఉండేది కాదు. గంగులుది బొంగురు గొంతు. కొండాలమ్మ దరువు అందుకుంటే చుట్టుపక్కల ఎండుటాకులన్నీ రాలిపోయేవి. ముత్యాలు ముళ్ళు విదిలిస్తే ముందు కూర్చున్నవాళ్ళు నాలుగడుగులు వెనక్కి జరిగేవాళ్ళు. అయినా అందరూ వచ్చేవాళ్ళు. కుందేళ్ళు గెంతేవి. ఉడుతలు కొమ్మలు పట్టుకొని ఊగేవి. సోములు అనే అడవిదున్న అయితే కాళ్ళతో తొక్కి తొక్కి నేలంతా బురద చేసేవాడు. వాడికి పాటల గురించి ఏమీ తెలియదు. కాళ్ళు ఆగవు, అంతే.

ఇంతమంది వస్తుంటే గంగులుకు ఇంకేం కావాలి? కావలసింది ఒకటుంది. ఒకసారి కొలువు కోకిల అటుగా పోతూ, "అది పాట కాదు, బెకబెక" అనేసి ఎగిరిపోయింది. ఆ మాట గంగులు మనసులో నాటుకుపోయింది. వందమంది గెంతినా అది ఊడి రాలేదు. సంగీతం తెలిసినవాళ్ళెవరైనా ఒక్కసారి "గంగులూ, నీది పాటే" అంటే చాలు, జన్మ ధన్యమైపోతుందనుకునేవాడు.

ఆ అడవిలో సంగీతం తెలిసినవాడిగా పేరుపడ్డది ఒక్కడే. నాగుపాము ఫణిభూషణం. పాము తల ఊపితే ఆ పాట గొప్పదని అందరి నమ్మకం. ఆ నమ్మకం ఎవరు మొదలుపెట్టారో తెలియదు. తాతలు నమ్మారు కాబట్టి మనవలూ నమ్మారు. రోజూ పొద్దున్నే అందరూ నీళ్ళు తాగే రేవు దగ్గర ఫణిభూషణం పుట్ట మీద పడగ విప్పి కూర్చొని, ముందురోజు పాట మీద తీర్పు చెప్పేవాడు. అది విన్నాకే, నిన్న తమకు పాట నచ్చిందో లేదో అడవిలో చాలామందికి తెలిసేది. ఆయన్ని తిరిగి ప్రశ్న అడిగే అలవాటు మాత్రం ఎవరికీ లేదు. పండితుణ్ణి ప్రశ్నలు అడగడమేమిటి?

పాము కప్పను తినదా అని అడగబోతున్నారు కదూ? తింటుంది. ఆ సంగతి గంగులుకూ తెలుసు. కానీ మెప్పు కోసం మొహం వాచి ఉన్నవాడికి తెలిసిన సంగతులు సమయానికి గుర్తు రావు.

ఒక సాయంత్రం ఫణిభూషణం కచేరీకి వచ్చాడు. దూరంగా వెదురుపొద దగ్గరే చుట్ట చుట్టుకొని కూర్చున్నాడు. పండితులు దూరంగానే కూర్చుంటారు కాబోలని అందరూ గౌరవంగా దారి వదిలారు. గంగులు పాడుతూ ఎడమకు గెంతితే పడగ ఎడమకు తిరిగింది. కుడికి గెంతితే కుడికి తిరిగింది.

"చూశావా, తాళం ఒక్క పిసరు తప్పడం లేదు" అన్నాడో కుందేలు.

మర్నాడు రేవు దగ్గర తీర్పు వచ్చింది.

"గాయకుడిలో పదార్థం ఉంది" అన్నాడు ఫణిభూషణం. "కండ ఉన్న పాట. అయితే ఆ ముళ్ళ చప్పుడు భావాన్ని గాయపరుస్తోంది. సున్నితమైన శ్రోత దగ్గరికి రాలేకపోతున్నాడు. ముళ్ళు లేని సంగీతమే ఉత్తమ సంగీతం."

"నిజమే సుమా" అన్నాడు ఆ కుందేలే. "నాకూ నిన్నటినుంచి ఏదో గుచ్చుకుంటున్నట్టే ఉంది." ముందురోజు అందరికంటే ఎక్కువ గెంతింది వాడే.

ఆ సాయంత్రం కచేరీ వేళకు సగంమంది కూడా రాలేదు. పాట మొదలుపెట్టకముందే గంగులు ముత్యాలును బండ పక్కకు తీసుకెళ్ళాడు.

"ముత్యాలన్నా, నువ్వేమీ అనుకోకపోతే, ఈ నాలుగు రోజులూ కాస్త..."

"మెల్లిగా విదిలించమంటావా?"

"అసలు రాకుండా ఉంటే బాగుంటుందేమోనని."

"ఆ పాట మనం ముగ్గురం కలిసి కట్టుకున్నాం కదరా" అన్నాడు ముత్యాలు.

"కాదనను. కానీ ఆయన తెలిసినవాడన్నా."

"మరి మనం ఎవరం?"

ముత్యాలు చప్పుడు కాకుండా ముళ్ళు దగ్గరికి ముడుచుకొని వెళ్ళిపోయాడు. అంత పెద్ద ముళ్ళపంది అంత నిశ్శబ్దంగా నడవడం ఆ అడవిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నాకైతే ఇక్కడ గంగులు మీద చాలా కోపం వస్తుంది.

అలా ఆ రెండోరోజు ముళ్ళు లేకుండా పాడారు. ఈసారి ఫణిభూషణం బండకు పది బారల దూరం దాకా వచ్చాడు. కచేరీ అయ్యాక కొండాలమ్మ మాను దిగివచ్చింది.

"ఒరే గంగులూ, నిన్న వెదురుపొద దగ్గరున్నాడు. ఇవాళ ఇంత దగ్గరికొచ్చాడు. గమనించావా?"

"పాట నచ్చితే దగ్గరికి రారా అక్కా?"

"పైనుంచి నాకు అన్నీ కనిపిస్తాయిరా. ఆయన చూపు నీ గొంతు మీద లేదు. నీ తొడల మీద ఉంది."

"అది భంగిమను గమనించడం అక్కా. మనకు తెలియదు అవన్నీ" అన్నాడు గంగులు.

మర్నాడు రెండో తీర్పు వచ్చింది. "ముళ్ళు పోయాక పాట మెరుగుపడింది. కానీ దరువులో అహంకారం ఉంది. పైన కూర్చొని అందరినీ కనిపెట్టి చూసేవాళ్ళకు వినయం ఎక్కడినుంచి వస్తుంది? నిజమైన గాయకుడికి తోడు అక్కర్లేదు."

గంగులు మళ్ళీ తల వంచుకొని వెళ్ళి, నసుగుతూ నసుగుతూ ఆ మాటే కొండాలమ్మకు చెప్పాడు. కొండాలమ్మ ముత్యాలు లాంటిది కాదు. ఊరుకోలేదు.

"నా ముక్కుకు వేరే మాను దొరుకుతుందిరా" అంది. "నీకే, వేరే తల దొరకదు. జాగ్రత్త."

అని రెక్కలు టపటపలాడించి వెళ్ళిపోయింది.

మూడోరోజు గంగులు ఒక్కడే పాడాడు. ముళ్ళ గలగల లేదు, మాను మీద దరువు లేదు. పాట చప్పగా, నీళ్ళు కలిపిన మజ్జిగలా ఉంది. అయితే జనం మాత్రం ఎప్పుడూ లేనంతగా వచ్చారు. ఇప్పుడు పాట పరిశుద్ధమైందని రేవు దగ్గర చెప్పుకున్నారు మరి. ఒక్కరూ గెంతలేదు. అందరూ కళ్ళు సగం మూసుకొని, పాములాగా తల ఊపుతూ కూర్చున్నారు. ఒక ఎలుగుబంటి నిద్రపోయి గురక పెడితే, రసంలో మునిగిపోయిందన్నారు. సోములు ఒక కాలెత్తి, దాన్ని ఎప్పుడు దించాలో తెలియక అలాగే నిలబడ్డాడు. "ఏమోరా గంగులూ, ఇవాళ కాళ్ళు కదలట్లేదు" అని, తప్పు తనదే అన్నట్టు మొహం పెట్టుకొని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఫణిభూషణం తల ఊపుతూనే ఉన్నాడు. బండ అంచు దాకా వచ్చాడు కూడా. మర్నాడు మూడో తీర్పు చెప్పాడు.

"ఇంత నోరూరించే పాట ఈమధ్య తగల్లేదు. ఒక్కటే లోపం. గాయకుడికీ శ్రోతకూ మధ్య ఇంకా కొంచెం దూరం ఉంది. ఇవాళ బండ దిగి వచ్చి, నా ఎదురుగా, కళ్ళు మూసుకొని పాడాలి. అప్పుడు నాకు పూర్తిగా తృప్తి కలుగుతుంది. అప్పుడు నేను అందరి ముందూ అంటాను, గంగులూ, నీది పాటే అని."

గంగులు ఆనందానికి అంతులేదు. ఆ రోజంతా ఒక్క ఈగను కూడా తినలేదు. ముక్కు ముందు వాలినదాన్ని కూడా వదిలేశాడు.

సాయంత్రం అయింది. అడవి అంతా చేరింది. గంగులు బండ దిగాడు. ఫణిభూషణానికి జానెడు దూరంలో కూర్చొని, కళ్ళు మూసుకొని పాట అందుకున్నాడు. పడగ మెల్లిగా అటూ ఇటూ ఊగింది. "ఆహా" అన్నాడు ఫణిభూషణం. "ఆహా" అన్నారు అందరూ.

కోపం వచ్చినా కొండాలమ్మ ఆ చుట్టుపక్కలే ఉంది. మద్దిమాను మీద కూర్చొని చూస్తోంది. పడగ కాస్త వెనక్కి వెళ్ళడం, మెడ బిగుసుకోవడం ఆమెకే కనిపించింది. ఇక ఆలోచించలేదు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మానును ముక్కుతో కొట్టింది. ఫెళఫెళమని చప్పుడు. కుందేళ్ళు బొరియల్లో దూరాయి. ఎలుగుబంటి ఉలిక్కిపడి లేచింది. గంగులు అదిరిపడి కళ్ళు తెరిచాడు.

ఒక్కడు మాత్రం ఉలిక్కిపడలేదు. ఫణిభూషణం. అడవి అదిరిపోయే చప్పుడైనా ఆయన పడగ ముందెలా ఊగుతోందో అలాగే ఊగుతోంది.

గంగులుకు ఏదో అనుమానం వచ్చింది. పాట ఆపేశాడు. గొంతులోంచి చప్పుడు రానివ్వకుండా నోరు మాత్రం తెరుస్తూ మూస్తూ ఉన్నాడు.

"ఆహా, ఏం గొంతు" అన్నాడు ఫణిభూషణం.

అప్పుడు చూశాడు గంగులు, ఇన్నాళ్ళూ చూడనిది. ఆ తలకు ఇటువైపు చెవి లేదు. అటువైపూ లేదు. ముళ్ళ చప్పుడు బాగాలేదన్నవాడు ఆ చప్పుడు వినలేదు. దరువులో అహంకారం ఉందన్నవాడు దరువూ వినలేదు. ఇన్ని రోజులూ తను పాడింది ఎవరికోసం?

అంతకు మించి ఆలోచించే సమయం లేదు. పడగ విసురుగా మీదికి వచ్చింది. గంగులు ఎగిరాడు. ఎగిరాడు కానీ వెనక కాలు దొరికిపోయింది. చూస్తున్నవాళ్ళలో ఒకడు, "ఇది కచేరీలో భాగమేనా?" అని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు, "రేపు పొద్దున తెలుస్తుంది" అన్నాడు.

ఇంతలో తుప్పల్లోంచి గలగలమని చప్పుడు వచ్చింది. ముత్యాలు. వెళ్ళిపొమ్మన్న రోజునుంచీ ఆ తుప్పల వెనకే కూర్చొని పాట వింటున్నాడు. ముళ్ళపంది పోట్లాటకు వస్తే వెనక్కి నడుస్తూ వస్తుంది. ముళ్ళన్నీ నిక్కబొడుచుకొని నేరుగా ఫణిభూషణం మీదికి వచ్చేశాడు. సున్నితమైన శ్రోత కప్ప కాలు వదిలేసి, వెదురుపొద కూడా దాటి పారిపోయాడు.

విషపు కోరలు దిగలేదు కానీ, గంగులు కాలి వేళ్ళు రెండు తెగాయి. కొండాలమ్మ ఆకు తెచ్చి కట్టు కట్టింది. గంగులు ఏడ్చాడు. నొప్పికి కాదు.

"అన్నా, అక్కా, తప్పు నాది. నా పాట పాటేనని ఎవరో ఒకరు చెప్పాలని కొట్టుకుపోయాను."

"నేను రోజూ చెప్తూనే ఉన్నాను కదరా" అన్నాడు ముత్యాలు.

"నువ్వు నావాడివి కదన్నా. అందుకని నీ మాట లెక్కలోకి తీసుకోలేదు."

"బాగుంది వరస" అంది కొండాలమ్మ. "కావలసినవాళ్ళ మాట చెల్లదు, తినేవాళ్ళ మాట చెల్లుతుంది." తిడుతూనే కట్టు ఇంకోసారి బిగించింది.

మర్నాడు పొద్దున్నే గంగులు కుంటుకుంటూ రేవు దగ్గరికి వెళ్ళాడు. ఏమీ జరగనట్టు ఫణిభూషణం పుట్ట మీద ఉన్నాడు. "గంగులు పాట చేజారిపోయింది. ఇక అందులో రుచి లేదు" అని తీర్పు చెప్పాడు. అందరూ విచారంగా తలలూపారు.

గంగులు ఒక రాయి ఎక్కి, అందరికీ వినబడేలా చెప్పాడు. "అయ్యా, ఈయనకు చెవులు లేవు. మీరే చూసుకోండి. మన అడవిలో ఏ పాటా ఈయన ఎప్పుడూ వినలేదు."

రేవు దగ్గర గుసగుసలు లేచాయి. అందరూ పుట్ట వైపు తొంగి చూశారు. నిజంగానే చెవులు లేవు. అప్పుడు ఆ కుందేలు గొంతు సవరించుకున్నాడు.

"అందుకేనన్నమాట" అన్నాడు. "చెవులు లేవు కాబట్టే ఏ పాట మీదా పక్షపాతం చూపించకుండా ఇంత నిక్కచ్చిగా తీర్పు చెప్పగలుగుతున్నాడు. మనలాగా వినేవాళ్ళకు అది చేతనవుతుందా?"

"చేతకాదు, చేతకాదు" అన్నారు అందరూ, ఇంకాస్త గౌరవంగా పుట్టకు దణ్ణం పెట్టారు.

గంగులు వాళ్ళను చూశాడు. ఒక వారం కిందట అయితే అక్కడే కూలబడి ఏడ్చేవాడు. ఇవాళ నవ్వొచ్చింది. నవ్వి, రాయి దిగి, కుంటుకుంటూ నల్లబండ వైపు నడిచాడు. అక్కడ కొండాలమ్మ, ముత్యాలు కొత్త పాట ఒకటి మొదలుపెట్టి, పల్లవి దగ్గర పోట్లాడుకుంటూ వాడికోసం చూస్తున్నారు.

నీతి: నీ పనిని మెచ్చుకోమని ఒకరిని అడిగే ముందు వాళ్ళకు వినే చెవులున్నాయో, ఉత్త ఆకలే ఉందో చూసుకో, ఆ మెప్పు కోసం నీతో కలిసి పనిచేసినవాళ్ళను మాత్రం ఎప్పుడూ వదులుకోకు.