ఏడో వరసలో ఖాళీ

గవర్రాజు గారికి ఒక అలవాటు ఉండేది. అడిగిన రోజున జవాబు చెప్పేవారు కారు. "చూద్దాం" అని ఊరుకునేవారు. ఆ జవాబు ఎప్పుడో, ఏదో పని మధ్యలో, ఇంకొకరి మీదుగా వచ్చేది.

ఆయన నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళ సంఘానికి వెబ్ పేజీలు చేసిపెట్టేవారు. హైమవతి ఆయన దగ్గర ఆ పని నేర్చుకుంటోంది. ఆ పేజీలను ఎవరూ కూర్చుని రాయరు. అడిగినవాళ్ళకు అడిగినప్పుడల్లా సర్వరే వండి వడ్డిస్తుంది. ఏం వడ్డించాలో చెప్పే ఆజ్ఞలు పేజీలో తలా ఒక వరసలో కూర్చుంటాయి. పని కాగానే అవి లేచిపోతాయి గానీ, కూర్చున్న వరస ఖాళీగా ఉండిపోతుంది. అల్లిక నమూనాల పేజీల్లో ఆ ఖాళీ వరసలన్నీ తెర మీదికి తేలేవి. ఫోనులో చూసేవాళ్ళు వేలితో తోసి తోసి విసిగిపోయేవారు.

"తిని లేచినవాడు విస్తరి ఎత్తలేదు, అంతే," అన్నారు గురువుగారు మొదటి రోజున. ఆజ్ఞ చివర చిన్న గీత పెడితే, లేచేటప్పుడు తన వరసను తనే ఎత్తుకుపోతుందని చూపించారు.

అలాంటి ఆజ్ఞలు రెండువందల పైనే ఉన్నాయి. ముప్ఫై గీతలు పెట్టేసరికి హైమవతికి ఓపిక చచ్చిపోయింది.

"ఒక్కొక్కటీ ఎందుకండీ గురువుగారూ? పేజీ గుమ్మం దాటేముందు, ఖాళీ అన్నది ఎక్కడున్నా ఊడ్చేస్తే సరిపోదా? ఖాళీలో ఏముంటుందండీ?"

"చూద్దాం."

హైమవతి ఆగలేదు. ఆ సాయంత్రమే, ఆయనతో చెప్పకుండా, ఖాళీలు ఎన్ని వరసగా వచ్చినా ఒక్కటే ఉంచమని సర్వరుకు చెప్పేసింది. పేజీలు చిక్కి, చక్కగా వచ్చాయి. ఆమె లోలోపల మురిసిపోయింది.

పన్నెండో నాడు సువార్తమ్మ వచ్చింది. అల్లికలో సంఘమంతటికీ పెద్ద చెయ్యి ఆమెది. శుక్రవారం నాటికి ఆమె అల్లిన బల్లగుడ్డ కొనేవాళ్ళకు చూపించడానికి వెళ్ళాలి. అది నచ్చితేనే వానాకాలమంతా నలభై మందికి పని. ఆమె సంచిలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. అది పరుచుకోలేదు. ఒక పక్క అంచు లోపలికి లాగేసి, అందులో అల్లిన బాతుల బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, అట్టలా బిగుసుకుపోయి ఉంది.

"గాలాడట్లేదండి," అంది నెమ్మదిగా.

సువార్తమ్మ అచ్చు తీయించుకుని అల్లిన నమూనా పేజీని హైమవతి తెరిచింది. నిండు గడికి ఒక గుర్తు, కన్నానికి ఖాళీ. అలా రాసి ఉండేది ఆ నమూనా. ఏడో వరసలో అయిదు కన్నాలు ఉండాల్సిన చోట ఒక్కటే మిగిలింది. అక్కడినుంచి ప్రతి వరసా అంతే.

"మీ చేతికి తెలియలేదా పిన్నిగారూ?" అంది.

"చెయ్యి వద్దంటానే ఉందండమ్మా. అచ్చులో ఉన్నది తప్పవుద్దా, నాలుగో తరగతి దాన్ని నాకేం తెలుసని అల్లుకుంటా పోయాను."

"తప్పు అచ్చుది కాదు, నాది," అంది హైమవతి.

గురువుగారు కోప్పడలేదు. బల్ల దగ్గర ఇంకో కుర్చీ వేసి, "విప్పండి," అన్నారు.

సువార్తమ్మ దారం లాగుతుంటే హైమవతి ఉండ చుట్టింది. పదకొండు రోజుల అల్లిక మధ్యాహ్నం దాటేసరికి ఏడో వరస దాకా విడిపోయింది. దారం వంకీలు వంకీలుగా చేతిలోకి వచ్చింది. ఒక్క పోగు కూడా తక్కువ కాలేదు. ఆ గుడ్డలో తను తీసేసింది ఖాళీ ఒక్కటే.

"శుక్రవారానికి అందుతుందా పిన్నిగారూ?"

"నిండు గుడ్డ అందదండి. జానెడు ముక్క పంపుదామండి. చూసేవోళ్ళకి కన్నం చూస్తే చెయ్యి తెలుస్తాది."

హైమవతి తను సర్వరుకు చెప్పిన మాట తీసేసింది. ముప్ఫై ఒకటో ఆజ్ఞ దగ్గరికి వచ్చి, గీత పెట్టబోయి ఆగింది.

"గురువుగారూ, ఆజ్ఞ లేచిన చోటూ ఖాళీయే, అల్లికలో కన్నమూ ఖాళీయే. చూపుకు రెండూ ఒకలాగే ఉన్నాయండీ. ఏది ఎత్తాలో ఎలా తెలుస్తుంది?"

ఈసారి ఆయన చూద్దాం అనలేదు. కిటికీ పక్కన సువార్తమ్మ ఏడో వరస మళ్ళీ మొదలుపెట్టి, పెదవులు కదుపుతూ కన్నాలు లెక్కపెట్టుకుంటోంది. ఆయన ఆమెకేసి చూస్తూ అన్నారు:

"విస్తరి ఎత్తేముందు, తిన్నారా అని అడగాలమ్మా."